బొటనవేలి మీద నింద

మాస్టరమ్మ ఇంటి హాల్లో టీవీ బల్ల మీద రెండు జాడలున్నాయి. పెద్దది గేమ్ బాక్సు ఉండిన చోటు, దాని పక్కది సెట్‌టాప్ బాక్సు ఉండిన చోటు. ఏళ్ల తరబడి కిటికీ ఎండ తగిలి బల్లంతా వెలిసిపోయింది గానీ, బాక్సుల కింద మాత్రం చెక్క కొన్ననాటి రంగులోనే ఉంది. ఆ జాడలు కనబడకుండా ఒక పూలకుండీ పెడదామని భర్త తెచ్చాడు. ఆమె చూసిన చూపుకి కుండీ పట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

మాస్టరమ్మ అంటే బడిలో పాఠాలు చెప్పే మాస్టరు కాదు, యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టరు. పన్నెండు పొరల బట్ట ఒకదాని మీద ఒకటి పరిచి, పైన సుద్దతో గీత గీసి, మూరెడు కత్తెరతో కోసుకుంటూ పోయేది. ఇరవై ఆరేళ్లలో ఆమె కత్తెర గీత దాటిన రోజు లేదు. ఎనిమిది నెలల కిందట ఒక ఉదయం ఆ కత్తెర చేతిలోంచి జారి కింద పడింది. కాసేపటికి ఆమె కూడా పడిపోయింది. పక్షవాతం అన్నారు. మాట, కాలు రెండు నెలల్లో దారికొచ్చాయి. మాట మునుపటికన్నా పదునెక్కిందని భర్త అంటాడు. కుడి చెయ్యి మాత్రం మొండికేసింది.

కార్ఖానా యజమాని మంచివాడే. ఆస్పత్రికి వచ్చి చూసి, యూనిఫారాల సీజను మొదలయ్యే ఒకటో తారీకు వరకు ఆమె బల్ల ఆమెకే ఉంచుతానని మాటిచ్చాడు. చెయ్యి కత్తెర పట్టడానికి పనికొస్తుందని ఫిజియో నుంచి ఒక్క కాగితం తెచ్చుకుంటే చాలన్నాడు. ఆ కాగితం కోసమే ఆమె ఎనిమిది నెలలు బతికిందంటే అబద్ధం కాదు.

ఫిజియో అమ్మాయి మొదట రబ్బరు బంతి ఇచ్చి రోజుకు మూడొందల సార్లు పిసకమంది. మూడో రోజుకే మాస్టరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడా అమ్మాయి కొంచెం ఆలోచించి, ఇంట్లో గేమ్ బాక్సు ఏమైనా ఉందా అని అడిగింది. ఉంది. కూతురు చదువుకునే రోజుల్లో అలిగి అన్నం మానేసి కొనిపించుకున్నది, తన కాపురానికి వెళ్తూ ఇక్కడే వదిలేసి పోయింది. అందులో బుడగల ఆట ఒకటుంది. తెర కింది నుంచి బుడగ లేస్తుంది, మధ్యలో ఒక రింగు ఉంటుంది. బుడగ సరిగ్గా రింగులోకి వచ్చిన క్షణాన కంట్రోలర్ మీది బటన్‌ని బొటనవేలితో నొక్కాలి. ముందు నొక్కినా, వెనక నొక్కినా బుడగ వెక్కిరించినట్టు పైకి వెళ్లిపోతుంది.

మొదటి రోజు వందకి తొమ్మిది పగిలాయి. పక్కనున్న భర్త నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాడు. మాస్టరమ్మకి పౌరుషమొచ్చింది. అరవయ్యేళ్ల మనిషి పొద్దునా సాయంత్రం టీవీ ముందు కూర్చుని, బుడగల్ని పేరు పేరునా తిడుతూ ఆడింది. ఏడో నెల దాటేసరికి వందకి ఎనభై నాలుగు. ఫిజియో అమ్మాయి ఆమె చేతిని తన ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే లాగి చూసి, తొంభై దాటిన రోజున కాగితం రాసిస్తానంది.

సరిగ్గా ఆ సమయంలో టీవీ కనెక్షన్ కంపెనీకి భవిష్యత్తు గుర్తొచ్చింది.

ఇక ఇళ్లలో బాక్సులనేవి ఉండవని ఫోన్లో ఒక అమ్మాయి పాఠం అప్పజెప్పింది. సెట్‌టాప్ బాక్సు ఉండదు, గేమ్ బాక్సు ఉండదు, వాటి వైర్లూ ఉండవు. అన్నీ ఎక్కడో దూరాన కంపెనీ మిషన్లలో ఉంటాయి, అక్కణ్ణించి నేరుగా టీవీలోకి వచ్చేస్తాయి. హాలు విశాలంగా, అందంగా ఉంటుంది. హాలు ఇరుగ్గా ఉందని ఎవరు ఏడ్చారో మాత్రం ఆ అమ్మాయి చెప్పలేదు. సెట్‌టాప్ బాక్సు ఎలాగూ వెనక్కి తీసుకుంటారు, దాంతోపాటు గేమ్ బాక్సు కూడా ఇచ్చేస్తే ఏడాదిపాటు ఆటలన్నీ ఉచితం.

మాస్టరమ్మ భర్త రిటైరైన బస్సు డ్రైవరు. ఆమె ఫిజియో దగ్గరికి వెళ్లొచ్చేలోగా ఆ మహానుభావుడు రెండు బాక్సులూ ఎత్తి కంపెనీ మనిషి చేతిలో పెట్టేశాడు. మనసులో చెడు ఏమీ లేదు. గేమ్ బాక్సు ముసలిదై గుర్రుపెడుతోంది, వేడెక్కి మధ్యలో ఆగిపోతోంది, ఆగినప్పుడల్లా తిట్లు తినేది తనే. కొత్తదాంట్లోనూ అదే ఆట, అదే బుడగ, పైగా ఆగదు అన్నారు. పాత కంట్రోలరే పనిచేస్తుందన్నారు. భార్యకి మేలు చేశాననుకున్నాడు పాపం. సగం ఇళ్లలో గొడవలు ఇలాంటి మేళ్ల వల్లే మొదలవుతాయి.

కొత్త ఆటలో మొదటి రోజు యాభై రెండు. అలవాటు లేక అనుకుంది. రెండో రోజు నలభై ఎనిమిది. వారం తిరిగేసరికి నలభై. బుడగ రింగులోకి వచ్చినట్టే ఉంటుంది, తను నొక్కినట్టే ఉంటుంది, అయినా అది జారిపోతుంది. మాస్టరమ్మ గుండె జారిపోయింది. ఒకసారి వచ్చినవాళ్లకి రెండోసారి కూడా రావచ్చని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. స్నానాల గదిలో తలుపు వేసుకుని వేళ్లు ముడిచి, విప్పి, మళ్లీ ముడిచి చూసుకునేది. భర్తతో చెప్పడానికి నోరు రాలేదు.

చెప్పక్కర్లేకుండానే ఊరంతటికీ తెలిసింది. కొత్త ఆటకి ఇంకో ఘనత ఉంది మరి. చేతి ఆరోగ్యం అని ఒక రిపోర్టు దానంతటదే తయారై ఫిజియో అమ్మాయి ట్యాబ్లెట్‌లోకి వెళ్లిపోతుంది. ఎవరడిగారని అడక్కండి, ఎవరూ అడగలేదు. ఎర్ర గీత ఒకటి పైనుంచి కిందికి దిగింది, దాని కింద రెండు వాక్యాలు. 'చేతి స్పందన వేగంగా క్షీణిస్తోంది. కత్తెర, చాకు వంటి పదునైన వస్తువులు వాడరాదు.'

ఫిజియో అమ్మాయికి రోజుకు యాభై మంది. ఆ గీత చూసింది, నిట్టూర్చింది. ఈసారి చేతిని ఒళ్లోకి తీసుకోలేదు. ఒకటో తారీకు మాట మర్చిపొమ్మంది. వ్యాయామాలన్నీ ఆపేసి చేతికి పూర్తిగా విశ్రాంతినివ్వమంది, పెద్ద డాక్టరు చూసేదాకా మూడు నెలలైనా ఆగాలంది. ఆ తర్వాతి వారం కూడా ట్యాబ్లెట్‌నే చూసి పంపేసింది.

ఇక ఇంట్లో జాలి మొదలైంది. ఆమె టీ గ్లాసు అందుకోబోతే భర్త ముందే అందుకుని నోటి దాకా తెచ్చేవాడు. లేవబోతే 'నువ్వు లేవకు, నేను తెస్తాగా' అనేవాడు. జాకెట్టు హుక్కు పెట్టబోయిన రోజున మాత్రం అతని చేతి మీద ఒక్కటి వేసింది. పక్షవాతం వచ్చిన రోజున కూడా ఆమెకి ఇంత అవమానంగా అనిపించలేదు.

ఇరవయ్యో రోజున కార్ఖానా నుంచి కత్తెర ఇంటికొచ్చింది. యజమాని దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, భర్తని పిలిచి ఇచ్చాడట. సీజను నెత్తిమీదికొచ్చిందనీ, ఇంకో మనిషిని పెట్టుకోక తప్పలేదనీ చెబుతూ కళ్లు దించుకున్నాడట. కటింగ్ మాస్టరు కత్తెర ఎప్పుడూ బల్ల మీదే ఉంటుంది, మంచాన పడ్డా అక్కడే ఉంటుంది, ఇంకొకళ్లు ముట్టుకోరు. అది ఇంటికొచ్చిందంటే బల్ల పోయినట్టే. ఆ పని చేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఆమె ఏడవలేదు. మూట విప్పి కత్తెర చూసుకుంది. తుప్పు పట్టకుండా దానికో తొడుగైనా కుడదామని మూలనున్న తొక్కుడు మిషను ముందు కూర్చుంది. ఎనిమిది నెలలుగా ఎవరూ ముట్టని మిషను. తొక్కింది. సూది వెంటనే దిగలేదు, ఒక లిప్త ఆగి దిగింది. మళ్లీ తొక్కింది. కాలు ముందు, సూది వెనక. కుట్టు వంకరపోయింది. ఆమె అలవాటుగా వంగి, సాగిపోయిన తోలు బెల్టుని బిగించబోయింది.

బెల్టు మీద చెయ్యి అలాగే ఆగిపోయింది. కుట్టు వంకరపోతే ఏ దర్జీ అయినా తన కాలుని తిట్టుకుంటుందా? బెల్టు చూస్తుంది. నిన్నగాక మొన్న పనిలో చేరిన పిల్లకి కూడా అది తెలుసు. మరి మూడు వారాలుగా తను చేస్తున్నదేమిటి? మాస్టరమ్మ మెల్లగా టీవీ వైపు తిరిగింది.

ఆట పెట్టింది. ఈసారి రింగు సంగతి పట్టించుకోలేదు. ఊరికే బటన్ నొక్కుతూ చెవులప్పగించి కూర్చుంది. వేలి కింద టిక్కుమంది, తర్వాత తెరమీద టప్పుమంది. టిక్కు, టప్పు. రెండింటి మధ్య ఒక కుట్టు పట్టేంత సందు. పాత బాక్సులో రెండూ ఒకే చప్పుడు.

"ఏవండీ, ఇలా వచ్చి కూర్చోండి. ఇది ఆడండి."

ముప్పయ్యేళ్లు కిక్కిరిసిన రోడ్ల మీద గీత పడకుండా బస్సు నడిపిన మనిషి, చిన్నపిల్లల ఆట నాకెందుకంటూ కూర్చున్నాడు. ముప్పై ఆరు వచ్చింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ ఆడాడు. ముప్పై ఎనిమిది.

"బ్రేకు తొక్కుతున్నా గానీ బండి ఆగట్లేదే," అన్నాడు బిక్కమొహం వేసి.

"పక్షవాతం వచ్చిన చెయ్యి నాది. నాకు నలభై వచ్చింది," అంది మాస్టరమ్మ. అని నవ్వింది. నవ్వుతూండగానే అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరిదో బెల్టు వదులైతే తన చెయ్యి పాడైందన్నారు. ఆ మాట ఫిజియోకి చెప్పారు, ఫిజియో యజమానికి చెప్పింది, తను కూడా నమ్మింది. అన్నిటికన్నా అదే ఆమె కడుపు మండించింది.

కంపెనీకి ఫోన్ చేస్తే కంట్రోలర్ బ్యాటరీ మార్చమన్నారు. మార్చింది. చేతులు పొడిగా ఉన్నాయా అని అడిగారు. ఆ అడిగిన పిల్లకి మాస్టరమ్మ ఏం జవాబు చెప్పిందో ఇక్కడ రాయడం బాగుండదు. మర్నాడే ఒక టెక్నీషియన్ వచ్చాడు.

నీలం చొక్కా, మెడలో కార్డు, మర్యాదస్తుడు. ఫోన్ తీసి అందులో పచ్చ గీత చూపించాడు. లైను నిండుగా ఉంది, స్పీడు వందకి వంద అన్నాడు.

"పైపు లావుగా ఉంటే ట్యాంకు దగ్గరికొచ్చేస్తుందా బాబూ? కుళాయి తిప్పిన ఎంతసేపటికి నీళ్లొస్తున్నాయో అది చెప్పు."

అతను తల గోక్కున్నాడు. తర్వాత, బాగా అలవాటైన మెత్తటి గొంతుతో, వయసు మీద పడ్డాక చేతి వేగం కొంచెం తగ్గడం మామూలేనమ్మా అన్నాడు. మాస్టరమ్మ కంట్రోలర్ అతని చేతిలో పెట్టింది.

"నీకెన్నేళ్లు?"

"ఇరవై ఆరమ్మా."

"నీ వయసే వేసి, నీ పేరుతోనే ఆడు."

ఆడాడు. నలభై తొమ్మిది. మొహమాటంగా నవ్వి, చొక్కా చేతులు పైకి మడిచి, ముందుకు జరిగి మళ్లీ ఆడాడు. నలభై ఏడు. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. 'మీ వయసువారితో పోలిస్తే మీ చేతి స్పందన ఆందోళనకరంగా ఉంది. వెంటనే నరాల వైద్యుణ్ణి కలవండి.' అతను తన కుడి చేతిని ఒకసారి ఎత్తి చూసుకున్నాడు.

"నువ్వు లేవకు నాయనా, మంచినీళ్లు నేను తెస్తాగా," అన్నాడు డ్రైవరు వంటింటి గుమ్మంలోంచి.

కుర్రాడు నవ్వలేదు. కంట్రోలర్ పక్కన పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇక్కడ నొక్కిన నొక్కు ఎక్కడో ఉన్న మిషన్ దాకా వెళ్లాలి, అక్కడ బుడగ పగలాలి, పగిలిన బొమ్మ మళ్లీ ఇక్కడికి రావాలి. బాక్సు హాల్లో ఉన్నప్పుడు ఆ ప్రయాణం లేదు. కొత్త కనెక్షన్లు పెరిగేకొద్దీ అది రోజురోజుకీ ఇంకా నెమ్మదిస్తోంది. మామూలు ఆటలు ఆడేవాళ్లు కూడా గొడవ చేస్తూనే ఉన్నారు. చేతి రిపోర్టు తయారుచేసినవాళ్లు ఆ ప్రయాణాన్ని లెక్కలోంచి తీసెయ్యలేదు. ఫిర్యాదు వస్తే ముందు కస్టమర్ చెయ్యి అనాలి, తర్వాత బ్యాటరీ అనాలి, లైను మాట మాత్రం తమంతట తాము ఎత్తకూడదని ట్రైనింగులో నేర్పారు. పాత బాక్సు వెనక్కి వస్తుందా అని ఆమె అడిగింది. అవన్నీ ఎప్పుడో మిషన్లో వేసి ముక్కలు చేసేశారన్నాడు.

ఈ చెప్పిందంతా రాసిమ్మంది మాస్టరమ్మ. అతను ఫోన్లో ఫారం తెరిచి చూపించాడు. అందులో కారణాలు మూడే ఉన్నాయి. బ్యాటరీ లోపం, టీవీ లోపం, వినియోగదారు పొరపాటు. నాలుగోది లేదు. ఆమె లోపలికి వెళ్లి పాత ప్యాటర్న్ అట్ట ఒకటి తెచ్చింది. చొక్కా కాలరు ఆకారంలో కోసిన అట్ట. పెన్ను ఇచ్చింది. అతను అట్ట వైపు చూశాడు గానీ పెన్ను కదపలేదు.

"నా ఉద్యోగం పోతుందమ్మా."

"పోతుందేమోనని నీ భయం. నాది పోయింది బాబూ."

అతను తల వంచి రాశాడు. నేను ఆడినా నలభై తొమ్మిదే వచ్చింది, ఆలస్యం లైనులో ఉంది, ఈమె చేతిలో లేదు. కింద సంతకం, తేదీ, తన కార్డు నంబరు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో ఆమె ఫోన్‌కి కంపెనీ సందేశం వచ్చింది. మీ సమస్య పరిష్కారమైంది, కారణం వినియోగదారు పొరపాటు, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు? సున్నా కోసం వెతికింది. సున్నా లేదు.

మర్నాడు ఫిజియో కేంద్రంలో ఆ కాలరు అట్టని తీసుకెళ్లి ట్యాబ్లెట్ మీద కప్పినట్టు పెట్టింది. ఫిజియో అమ్మాయి చదివింది, రెండోసారి చదివింది. అప్పుడు, మూడు వారాల తర్వాత, మాస్టరమ్మ చేతిని ఒళ్లోకి తీసుకుంది. బొటనవేలు వంచబోయింది. అది సగం వంగి ఆగిపోయింది. అమ్మాయి మొహం మాడిపోయింది.

"బిగుసుకుపోయింది ఆంటీ."

"బిగుసుకోదా మరి. నువ్వే కదపొద్దన్నావు. ఆ ఎర్ర గీత వచ్చిన రోజున ఈ చెయ్యి ఒక్కసారి పట్టుకుని చూసుంటే నీకు తెలిసేది తల్లీ. నీ వేళ్లకి తెలిసేది."

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని, ఆ రిపోర్టు తప్పనీ, కత్తెర పట్టవచ్చనీ కాగితం రాసి స్టాంపు వేసింది. ఎనిమిది నెలలు ఎదురుచూసిన కాగితం అలా వచ్చింది. మాస్టరమ్మ దాన్ని మడిచి, కత్తెర చుట్టిన గుడ్డలోనే పెట్టుకుంది.

ఒకటో తారీకు పొద్దున్నే కార్ఖానాకి వెళ్లింది. మిషన్ల మోత ఒక్కసారి తగ్గింది. ఆమె బల్ల దగ్గర కొత్త మనిషి ఉంది, ముప్పయ్యేళ్ల సన్నటి పిల్ల, అప్పుడే పన్నెండు పొరలు పరిచి గీత గీసి ఉంచింది. మాస్టరమ్మ చేతిలో కత్తెర చూసి పక్కకి తప్పుకుంది. యజమాని కాగితం చదివి, చదివినట్టు తలూపాడు. ఆయన చూపు మాత్రం ఆమె చేతి మీదే ఉంది.

కత్తెర బట్టలోకి దిగింది. మొదటి జానెడు పాతరోజుల్లోలాగే పోయింది, ఆ కరకర చప్పుడుకి ఆమె కళ్లు చెమర్చాయి. రెండో జానెడు కూడా పోయింది. చంక వంపు దగ్గరకొచ్చేసరికి బొటనవేలు పట్టేసింది. నొక్కింది, పళ్ల బిగువున నొక్కింది. కదల్లేదు. గీత దాటకముందే కత్తెర బయటికి తీసేసింది.

"పోన్లెండి మాస్టరమ్మా. జబ్బు మన చేతిలో ఉందా," అన్నాడు యజమాని. నిజంగానే బాధపడుతూ అన్నాడు.

"ఇది జబ్బు చేసింది కాదు బాబూ. జబ్బు నన్ను తొమ్మిది దగ్గర పడేస్తే ఎనభై నాలుగు దాకా లేచొచ్చాను. ఇక్కడ ఆపింది వాళ్లు."

బల్ల అంచున సుద్ద ఉంది. ఆమె దాన్ని కుడి చేత్తోనే తీసుకుంది. కత్తెర ఆగిన చోట చిన్న అడ్డగీత గీసి, పక్కన ఆ రోజు తేదీ వేసింది. రేపు ఇక్కణ్ణించే కోస్తాననీ, ఈ బట్ట ఎవరూ ముట్టుకోవద్దనీ చెప్పింది. సీజను మొదటి రోజు, పన్నెండు పొరల బట్ట, ముట్టుకోవద్దంటే ఎలా అని యజమాని నోరు తెరిచాడు. ఈలోగా కొత్త పిల్ల తన అట్టలూ సుద్దలూ సర్దుకుని బల్ల రెండో చివరకి జరిగి, అక్కడ వేరే బట్ట పరచడం మొదలుపెట్టింది. ఆయన తెరిచిన నోరు మూసుకున్నాడు.

మాస్టరమ్మ గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది, చెప్పులు వేసుకుంది, గుమ్మం దాటింది. కత్తెరని మాత్రం బల్ల మీదే ఉంచి వెళ్లింది.